గ్యారంటీ అని అమ్మారు, కార్డులో వారంటీ ఉంది

మూడున్నరేళ్ల క్రితం మా ఇన్వర్టర్‌కు 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ కొన్నాము. బ్యాటరీని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు; వేసవి కోతల్లో రెండు ఫ్యాన్లనూ నాలుగు ఎల్‌ఈడీ దీపాలనూ నాలుగేసి గంటలు నడిపింది, అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయడం తప్ప మరో పని పెట్టలేదు. 41వ నెలలో ఆరు సెల్స్‌లో ఒకటి దెబ్బతిని, అరగంటకే ఇన్వర్టర్ కూతపెట్టసాగింది.

కొన్ననాడు దుకాణదారు “60 నెలల గ్యారంటీ సార్” అన్నారు. కార్డు మీద మాత్రం 36+24 అని ఉంది. మొదటి అంకె బ్యాటరీని ఉచితంగా మార్చి ఇచ్చే కాలం. రెండవది, వాడుకున్న నెలలను బట్టి కొత్తదాని ధరలో కొంత తగ్గించే కాలం. మొదటిదాన్ని గ్యారంటీ అనీ, రెండవదాన్ని వారంటీ అనీ బజారులో వేరుచేసి చెప్పే వాడుక ఉండగా, ఆ తేడా ఎరిగిన మనిషే రెండింటినీ కూడి ఒక్క మాటతో అమ్మడం నాకు నచ్చలేదు. పైగా నాకు ఇచ్చిన తగ్గింపును ముద్రిత గరిష్ఠ ధర మీద లెక్కించారు. పాత బ్యాటరీ ఇచ్చి బయట కొత్తది కొంటే అయ్యే ఖర్చుతో పోల్చితే నాకు మిగిలింది బహు స్వల్పం.

చట్టంలో ఈ రెండు మాటలూ ఇంకా దూరం జరుగుతాయి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్ ప్రకారం గ్యారంటీ అంటే మూడో వ్యక్తి బాకీ తీర్చకపోతే తాను తీరుస్తానని ఒకరు పడే పూచీ, అంటే అప్పుపత్రం మీద జామీను సంతకం వంటిది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 12వ సెక్షన్‌లో వారంటీ అనేది ఒప్పందపు ప్రధానోద్దేశానికి అనుబంధమైన షరతు మాత్రమే. అది తప్పితే నష్టపరిహారం కోరవచ్చు గాని, సరుకును తిరస్కరించే హక్కు రాదు. విచిత్రమేమంటే రెండూ ఒకే మూలం నుంచి పుట్టి, ఫ్రెంచిలోని రెండు మాండలికాల గుండా ఇంగ్లీషులోకి వచ్చిన మాటలు. వార్డెన్, గార్డియన్ కూడా అటువంటి జంటే.

సర్వీసు మనిషి ఫోను చేసిన మర్నాడే వచ్చి, హైడ్రోమీటరుతో ఒక్కొక్క సెల్‌నూ ఓపికగా పరీక్షించాడు. బ్యాటరీకి ఐదుకు నాలుగు, దుకాణానికి రెండున్నర ఇస్తున్నాను. కొత్తది కూడా అక్కడే తీసుకున్నాను; ఈసారి బిల్లు మీద “ఉచిత మార్పిడి 36 నెలలు” అని తెలుగులో రాయించి, ముద్ర వేయించుకున్నాను.