పురుగుమందు డబ్బా మీద ఏది చూడాలి: రంగా, పుర్రె గుర్తా?

దేవరకొండ, అచ్చంపేట వైపు పత్తికి కొట్టే మందు డబ్బా మీద డైమండ్ ఆకారంలో ముద్ర ఉంటుంది. కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక.

పుర్రె బొమ్మ అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. కానీ అది ఎరుపు తరగతికే వేస్తారు. పసుపు డబ్బా మీద ఎర్ర అక్షరాల్లో ‘విషం’ అన్న మాట తప్ప బొమ్మ ఉండదు. "పుర్రె లేదు, ఏం కాదులే" అనుకునేది ఇక్కడే.

రంగు నాలుగు మెట్లు చెబుతుంది. నోటి ద్వారా ఇచ్చినప్పుడు పరీక్షలోని జంతువుల్లో సగం చనిపోయే మోతాదు దీనికి ఒక కొలత: కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల వరకు ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. చిక్కల్లా ఆకుపచ్చతోనే. బిస్కెట్ ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క శాకాహారమని చెబుతుంది. డబ్బా మీది ఆకుపచ్చ కూడా విషమే, కాస్త తక్కువ, అంతే. గ్లౌజులు, మాస్కు తప్పవు. పైగా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లూ ఉంటాయి.

కొనేటప్పుడు రంగునే నమ్మాలి. పిల్లలను దూరం పెట్టడానికి పుర్రె మేలు, అదీ ఎరుపు డబ్బా అయితేనే. మిగిలిన మందును క్వార్టర్ సీసాలో పోస్తే మాత్రం రెండూ పోతాయి.