కొచ్చిలో ఒక పూట: ఓడవాళ్ల బస్సా, మన ఆటోనా?

కడపలో రైలెక్కి ముంబైలో దిగి, అక్కణ్ణుంచి క్రూయిజ్‌లో కొచ్చి పోదామనుకునేవాళ్లకు వచ్చే ప్రశ్న ఇది: ఓడవాళ్లు అమ్మే టూరు కొనాలా, దిగాక మనమే ఆటో మాట్లాడుకోవాలా?

ఓడవాళ్ల బస్సులో టెన్షన్ ఉండదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా మామూలుగా ఓడ ఆగుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు వెంట ఉంటే ఇదే నయం. కాకపోతే గైడు కదలమన్నప్పుడల్లా కదలాలి.

ఆటోలో అయితే ఫోర్ట్ కొచ్చి చీనా వలల దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. తాళ్లకు కట్టిన బండరాళ్లే ఆ వలకు ఎదురు బరువు. నలుగురైదుగురు కలిసి లాగితే అంత పెద్ద వలా నీళ్లు కార్చుకుంటూ పైకొస్తుంది. దగ్గర్లోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. 1524లో చనిపోయిన వాస్కోడగామాను మొదట పాతిపెట్టింది అక్కడే, అస్థికలను తర్వాత పోర్చుగల్ తీసుకెళ్లారు.

మట్టాంచేరిలో 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం శనివారం మూసేస్తారు, ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. ఓడ ఏ వారం ఆగుతుందో చూసుకున్నాకే ప్లాన్ వేసుకోండి. ఆ ప్రార్థనా మందిరం వీధి అంగళ్లలో మిరియాలు, యాలకులు బేరమాడొచ్చు. చింతపండు పులుసు అలవాటైన మన నోటికి కుడంపులి (కేరళలో పులుపుకు వేసే ఎండబెట్టిన పండు) వేసిన చేపల కూర కొత్తగా ఉంటుంది, తిని తీరాలి.

నా ఓటు ఆటోకే. చిక్కల్లా ఒకటే, మనం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఎక్కమన్న టైముకు గంటన్నర ముందే తిరుగుముఖం పట్టండి. ఓడ కార్డు, ఆధార్ జేబులోనే పెట్టుకోండి.