కడపలో స్టేక్ పేరుతో కుక్కర్ మటన్

గండికోట బాగుంది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నా పారే లోయ దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాం. కడపలో లాడ్జి ఏసీ గది 1,800, శుభ్రంగా ఉంది. నేను రాస్తున్నది ఆ రాత్రి భోజనం గురించి.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా బామ్మర్ది స్టేక్ బోర్డు చూడగానే "బావా, ఇక్కడే తిందాం" అన్నాడు. మా ఆవిడకేమో సంగటి తినాలని ఉంది. ముఖం ముడుచుకునే లోపలికొచ్చింది. మటన్ స్టేక్ 690, చికెన్ స్టేక్ 480, పిల్లాడికి నూడుల్స్ 210, నీళ్ల బాటిళ్లు 40.

మాంసం ఎంతవరకు కాల్చాలో ఆర్డర్ తీసుకున్నతను అడగలేదు. అప్పుడే అనుమానం వచ్చింది. స్టేక్ అంటే పీచుకు అడ్డంగా కోసిన మందపాటి ముక్క. బాగా వేడెక్కిన పెనం మీద రెండు వైపులా కాల్చి, మీడియం రేర్ (లోపల ఇంకా గులాబీ రంగులో) కావాలంటే లోపల 55 డిగ్రీల దగ్గర దించి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. మాకు నలభై నిమిషాలకు ఇనప పళ్లెం వచ్చింది, క్యాబేజీ ఆకు మీద చుయ్యిమని పొగలు కక్కుతూ. పొగ తగ్గాక కత్తి పెడితే ముక్క తెగలేదు, దారాలు దారాలుగా ఊడివచ్చింది. కుక్కర్‌లో ఉడికించి, పెనం మీద రంగు తెప్పించి, మిరియాల సాస్ పోశారు! మేనేజర్‌ని పిలిస్తే "ఈడ అందరూ ఇట్లే తింటారు సార్" అన్నాడు. కడపోళ్లకు మాంసం రుచి తెలియదనా? ముక్క కంటే ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

పైగా బిల్లులో సర్వీస్ చార్జి 142. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాక తీసేశారు. జీఎస్టీతో 1,491 కట్టాం. పిల్లాడు అప్పటికే నిద్రపోయాడు.

మర్నాడు మా ఆవిడ చెప్పిన చోటికే వెళ్లాం. నాలుగు బల్లల మెస్, సంగటి, చియ్యల కూర (మటన్ కూర) 220. కొండల్లో తిరిగి మేసిన పొట్టేలుకు కండ గట్టిగా ఉంటుంది, సన్నమంట మీద నిదానంగా ఉడకాల్సిందే. ఇక్కడ ఉడికింది. పెద్దాయన ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట చేసి, నెయ్యి వేసి, దాని మీద పులుసు పోశాడు. ముక్క వేలితో నొక్కితే ఎముకను వదిలేసింది. పన్నెండున్నరకల్లా వెళ్లండి. రెండవుతుండగా మా బామ్మర్ది ఇంకో ముద్ద అడిగితే గుండిగ బోర్లించి చూపించారు.