యూకే అద్దె ఇంట్లో ప్రీపే మీటర్ వదిలి క్రెడిట్ మీటర్‌కి: వాడి చూశాక

యూకేలో అద్దెకు దిగే మనవాళ్లలో చాలామందికి ఇంటి తాళాలతో పాటు కరెంటుకో కీ, గ్యాస్‌కో కార్డు చేతికొస్తాయి. పేపాయింట్ బోర్డున్న కొట్టుకెళ్లి డబ్బు ఎక్కించుకొచ్చి మీటర్లో పెట్టాలి. ఈ ప్రీపే పద్ధతిని వదిలి, వాడాక బిల్లొచ్చే క్రెడిట్ మీటర్‌కి మారొచ్చా? రెండూ ఏళ్ల తరబడి వాడినమీదట చెప్పేది ఒకటే: డైరెక్ట్ డెబిట్ (బ్యాంకు ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్టే ఏర్పాటు) పెట్టుకోగలిగితేనే మారండి.

ప్రీపే వాళ్లకు రేటు ఎక్కువన్నది పాత మాట. 2024 ఏప్రిల్‌లో ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ స్టాండింగ్ చార్జీలను (వాడినా వాడకపోయినా రోజూ పడే స్థిర రుసుము) సర్దాక లెక్క తిరగబడింది. ఆ మూడు నెలలకు ఆఫ్‌జెమ్ పెట్టిన ధరల పరిమితి ప్రకారం ఏడాదికి 2,700 యూనిట్ల కరెంటు, 11,500 యూనిట్ల గ్యాస్ వాడే ఇంటికి ప్రీపేలో 1,643 పౌండ్లు, డైరెక్ట్ డెబిట్‌లో 1,690, బిల్లొచ్చాక కట్టే పద్ధతిలో 1,796. అంకెలు మూణ్ణెల్లకోసారి మారతాయి గానీ, ఖరీదైనది మాత్రం ఆ చివరిదే. ఊళ్లో రీడింగ్ తీసినతను చేతిలో పెట్టిన బిల్లు తీరిగ్గా కట్టిన అలవాటు ఇక్కడ ఏడాదికి వంద పౌండ్ల పైనే తినేస్తుంది.

మరి మారడం ఎందుకంటే, గ్యాస్ కోసం. ఎండాకాలంలో హీటింగ్ కట్టేసి, కార్డు టాప్-అప్ మానేసినా స్టాండింగ్ చార్జీ ఆగదు. రోజుకు 30 పెన్స్ అనుకున్నా మూడు నెలలకు 27 పౌండ్లు బాకీ. అక్టోబరులో చలి మొదలయ్యాక 20 పౌండ్లు ఎక్కిస్తే బాయిలర్ వెలగదు, మీటర్ పాడైందనుకుంటారు. పాడైందేమీ లేదు, డబ్బు పాత బాకీకి పోయింది. డబ్బు అయిపోయినప్పుడు మీటర్ అప్పుగా ఇచ్చే ఎమర్జెన్సీ క్రెడిట్‌దీ అదే తంతు: వాడుకున్నంతా తిరిగి కట్టాలి, చాలా మీటర్లలో ఆ రోజుల స్టాండింగ్ చార్జీ కూడా దానికి తోడవుతుంది. పైగా కొంతకాలం రేటు మారని చవకైన ఫిక్స్‌డ్ టారిఫ్‌లు ఎక్కువగా డైరెక్ట్ డెబిట్ వాళ్లకే దొరుకుతాయి. అసలు ఆదా ఉంటే అక్కడే.

మారేముందు బాకీ తీర్చాలి. పాత రకం కీ మీటర్లో నీలం బటన్ నొక్కుతూ పోతే మిగిలిన క్రెడిట్, ఉన్న బాకీ, వారానికి ఎంత కోస్తోంది, అన్నీ వరసగా వస్తాయి. ఆ స్క్రీన్లన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. కొత్తగా ఇంట్లో దిగినవాళ్లు పాత కిరాయిదారు వదిలేసిన కీలో డబ్బు వేయొద్దు, వాళ్ల బాకీ మీ డబ్బులోంచి పోతుంది. సప్లయర్‌కి చెప్పి మీ పేరు మీద కొత్త కీ తెప్పించుకోండి.

తర్వాత క్రెడిట్ చెక్, అంటే మీ అప్పులు, చెల్లింపుల చరిత్రను సప్లయర్ చూడటం. కొత్తగా వచ్చినవాళ్లు ఆగిపోయేది ఇక్కడే, చరిత్ర లేకపోవడంతో డిపాజిట్ అడుగుతారు. చాలామందికి తెలియని దారొకటుంది: చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ ఉంటున్న భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు. క్రెడిట్ ఫైల్లో చిరునామా రుజువయ్యేందుకు అది బాగా పనికొస్తుంది.

బిల్లు మీ పేరున ఉంటే మీటర్ మార్చమని అడగొచ్చు. అగ్రిమెంటులో ఓనర్‌కి చెప్పాలని రాసుంటే ముందు చెప్పండి. స్మార్ట్ మీటరైతే మనిషి రానక్కర్లేదు, సప్లయర్ దూరం నుంచే మోడ్ మారుస్తాడు. పాత మీటరైతే ఇంజినీరొచ్చి వేరేది బిగిస్తాడు. గ్యాస్ మీటర్ మార్చేటప్పుడు లీకు పరీక్ష చేస్తాడు. లీకుంటే అక్కడికక్కడే సరఫరా ఆపేస్తాడు, పైపు బాగు చేయించాల్సింది ఓనర్. అందుకే ఈ పని జనవరిలో పెట్టుకోకండి.

మారాక వచ్చే తలనొప్పి రీడింగే. పాత మీటర్ ఆఖరి అంకె, కొత్తదాని మొదటి అంకె, మిగిలిన క్రెడిట్ మొదటి బిల్లులో సరిచూసుకోండి. గ్యాస్‌లో మరో మెలిక: పాత మీటర్ వంద ఘనపుటడుగుల్లో, కొత్తది ఘనపు మీటర్లలో కొలిస్తే, రికార్డు మార్చనంతవరకు బిల్లు 2.83 రెట్లు పడుతుంది. చేత్తో లెక్క తేలికే. వాడిన ఘనపు మీటర్లను 1.02264తో, బిల్లులో రాసిన కెలోరిఫిక్ విలువతో (గ్యాస్ ఇచ్చే వేడి కొలత, దాదాపు 39) హెచ్చించి 3.6తో భాగించండి. అంటే ఒక్కో ఘనపు మీటరుకు సుమారు 11 యూనిట్లు. బిల్లు దీనికి మూడింతలు కనిపిస్తే మీటర్ మీది ‘ఎం3’ గుర్తు కనబడేలా ఫోటో పంపండి. ఎనిమిది వారాల్లో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

నెలనెలా ఒకే మొత్తం పోయే ఫిక్స్‌డ్ డైరెక్ట్ డెబిట్‌లో వేసవి డబ్బు ఖాతాలో పేరుకుంటుంది. అది చలికాలానికి దాచినది, చూసి వెంటనే వెనక్కి అడగకండి. నెలకోసారి రీడింగ్ పంపకపోతే అంచనా బిల్లులొస్తాయి. సప్లయర్ తప్పువల్ల బిల్లు పడకపోతే ఏడాది దాటిన వాడకానికి ఇప్పుడు వసూలు చేయకూడదన్న నిబంధన ఉంది గానీ, మీరే రీడింగ్ తీయనివ్వకపోతే అది అక్కరకు రాదు.

నలుగురైదుగురు కలిసి ఉండి, మూణ్ణాలుగు నెలల్లో ఖాళీ చేసే ఇంటికి ఇదంతా దండగ. బిల్లు ఒక్కరి పేరున పడుతుంది, వెళ్లిపోయినవాళ్ల వాటా వసూలు కాదు. అలాంటిచోట ప్రీపేనే నయం.