యుంకర్స్ యూ 52: ఇంగ్లిష్ ఛానల్ దాటించే పనికి ఈ బండి సరిపోతుందా?

ముందు పని ఏమిటో చూద్దాం. కాలం 1940 సెప్టెంబర్, రెండో ప్రపంచ యుద్ధం. జర్మన్లు ఇంగ్లండ్ మీద దండయాత్రకు సిద్ధమవుతున్నారు. డోవర్ దగ్గర ఫ్రాన్స్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య సముద్రం 33 కిలోమీటర్లే. అవతల ఫోక్‌స్టన్, హైత్ ఊళ్ల వెనకున్న మెట్ట మీద జర్మన్ల పారాట్రూపర్ల దళమైన 7వ ఫ్లీగర్ డివిజన్‌ను పారాచూట్లతో దించాలి. ఆ పనికి వాళ్ల చేతిలో ఉన్న ప్రధానమైన బండి యుంకర్స్ యూ 52 అనే రవాణా విమానం. సైనికులు దీన్ని ముద్దుగా 'యూ అత్త' అనేవారు. ఆ దండయాత్ర జరగనే లేదు, సెప్టెంబర్ 17న హిట్లర్ దాన్ని నిరవధికంగా వాయిదా వేశాడు. అయినా మనం గాల్లో లెక్కలు వేసుకోనక్కర్లేదు. ఇదే బండి అంతకు నాలుగు నెలల ముందు హాలండ్‌లో, మరుసటి ఏడాది గ్రీసు దీవి క్రీట్‌లో ఇదే పని చేసి చూపించింది. తీర్పు ముందే చెప్పేస్తున్నాం: మొదటి ట్రిప్పుకు ఫరవాలేదు, రెండో ట్రిప్పుకు నమ్ముకోవద్దు.

మూడు బీఎండబ్ల్యూ ఇంజన్లు, రేకుల షెడ్డులా ముడతలు తేలిన డ్యురాల్యుమిన్ ఒళ్లు, లోపలికి ముడుచుకోని చక్రాలు. ముడతల వల్ల రేకుకు బలం వస్తుంది, కానీ అవే గాలికి అడ్డం పడతాయి. నిండు లోడుతో గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగమంటే అప్పటికే పాతబడిన లెక్క. రెక్క వెనక అంచున విడిగా వేలాడే ఫ్లాపు మాత్రం మంచి పనితనం. దాని పుణ్యాన బండి నెమ్మదిగా ఎగరగలదు, పొట్టి గడ్డి మైదానంలో దిగి మళ్లీ లేవగలదు. మనుషుల్ని దూకించేటప్పుడు ఈ నెమ్మదే కావాలి.

లోడు దగ్గర కాగితం మీద రాసింది నమ్మకండి. సీట్లు 18 దాకా ఉన్నా, పారాచూట్లు కట్టుకున్నవాళ్లు 12 మందే పడతారు, పైగా ఆయుధాల పెట్టెలు నాలుగు. ఒక గ్రూపుకు 53 విమానాలు. అన్నీ లేచినా 636 మంది, అంటే ఇంచుమించు ఒక బెటాలియన్. డివిజన్ మొత్తం ఒక్కసారే దిగాలంటే ఎన్ని గ్రూపులు కావాలో వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు.

బండితో పాటు వచ్చే సరంజామాలో అసలు లోపం ఆర్‌జెడ్ రకం పారాచూట్. దాని తాళ్లన్నీ వీపు వెనక ఒక్కచోట కలుస్తాయి. అందుకని దూకినవాడు మెడ దగ్గర పట్టి ఎత్తిన పిల్లికూనలా ముందుకు వంగి వేలాడతాడు. తాడు చేతికందదు కాబట్టి ఎటు పడాలో తన చేతిలో ఉండదు. నేలను మోకాళ్లతో, చేతులతో తాకుతాడు. మోకాళ్లకు మందపాటి మెత్తలు కట్టింది అందుకే. ఇలా పడేవాడి చేతిలో రైఫిల్ ఉంటే వాడికే ప్రమాదం, కాబట్టి రైఫిళ్లు, మెషిన్ గన్లు వేరే పెట్టెల్లో వేరే పారాచూట్లకు దిగుతాయి. ఒంటి మీద ఉండేవి పిస్తోలు, గ్రెనేడ్లు, కొందరికి సబ్‌మెషిన్ గన్. క్రీట్‌లో చాలామంది ఆ పెట్టెల వైపు పరిగెత్తుతూనే చచ్చిపోయారు.

ఇక సముద్రపు గాలి. ఛానల్ ఒడ్డున అదెప్పుడూ ఉండేదే. నేల మీద పడ్డాక గాలి పట్టిన గుడ్డ మనిషిని ఈడ్చుకుపోతుంటే, బకిల్స్ ఒక్కొక్కటీ విప్పుకోవాలి, ఒక్క నొక్కుతో ఊడే ఏర్పాటు లేదు. ఒంటి చేత్తో తెరుచుకునే కత్తి ఇచ్చారంటే, ఆ ఇబ్బంది తయారుచేసినవాళ్లకూ తెలుసన్నమాట. దూకే ఎత్తు 120 మీటర్లకు అటూ ఇటూ. గంటకు 180 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఒకరు చొప్పున దూకినా, మొదటివాడికీ చివరివాడికీ మధ్య అర కిలోమీటరు దూరం వస్తుంది. ఆయుధాల పెట్టెలు ఆ మధ్యలో ఎక్కడో పడతాయి.

సముద్రం దాటడానికి పది నిమిషాలు చాలు. చిక్కు దాటడంలో లేదు, జత కూడటంలో ఉంది. వందల విమానాలు ఫ్రాన్స్ మీద వరస కడుతుంటే అవతలి ఒడ్డున రాడార్ చూస్తూనే ఉంటుంది. యూ 52 వీపు మీద ఉండేది ఒక మెషిన్ గన్, ఎదురొచ్చే బ్రిటిష్ ఫైటర్ విమానం హరికేన్ రెక్కల్లో ఎనిమిది, వేగం రెట్టింపు పైనే. కాపలాగా వచ్చే జర్మన్ ఫైటర్లు మెసర్‌ష్మిట్ 109లు ఈ నత్తతో పాటు నడవాలంటే వంకర్లు తిరుగుతూ పెట్రోలు తగలేసుకోవాలి. సముద్రం మీద ఇది ఎలా ముగుస్తుందో 1943 ఏప్రిల్ 18న ట్యునీషియాలోని కేప్ బాన్ దగ్గర తేలిపోయింది. సిసిలీకి తిరిగెళ్తున్న యూ 52ల గుంపు మీద అమెరికన్ పీ-40 ఫైటర్లు పడ్డాయి. అమెరికన్లు 50కి పైగా కూల్చామన్నారు. జర్మన్ లెక్కలో పోయినవి 24, దెబ్బలు తిని ఎలాగో ఒడ్డు చేరినవి 35. ఏ లెక్క తీసుకున్నా అలాంటి రోజు ఇంకొకటి ఓర్చుకునే స్థితి జర్మన్లకు లేదు.

రెండో ట్రిప్పు సంగతికొద్దాం. పారాట్రూపర్లు ఒక ఎయిర్‌ఫీల్డ్ పట్టుకుంటే, వెనకాల మామూలు సైనికులు విమానాల్లోంచే దిగాలన్నది పద్ధతి. 1940 మే 10న హాలండ్‌లోని వాల్కెన్‌బుర్ఖ్‌లో అలాగే దిగారు. కొత్తగా వేసిన మైదానం, నేల ఇంకా గట్టిపడలేదు. చక్రాలు కూరుకుపోయి మొదట దిగినవి అక్కడే నిలిచిపోయాయి, వెనకొచ్చినవాటికి చోటు లేదు. కొన్ని బీచ్ మీద, కొన్ని హైవే మీద దిగాయి. హాలండ్‌లో వాడిన యూ 52లలో దగ్గరదగ్గర సగం పోవడమో దెబ్బతినడమో జరిగింది. పోయినవి రేకులే కాదు. సిబ్బందిలో చాలామంది ఫ్లయింగ్ స్కూళ్ల నుంచి లాక్కొచ్చిన శిక్షకులు. అక్కడ పట్టుబడిన జర్మన్లలో 1,000 మందికి పైగా ఓడలెక్కి ఖైదీలుగా ఇంగ్లండ్ చేరారు. దండయాత్రకు ముందే అవతలి ఒడ్డు చూసింది వాళ్లే!

హైత్ పక్కన చేతికొచ్చే మైదానం లింప్న్. దాన్ని ఆగస్టులో జర్మన్లే బాంబులేసి గుంతలు చేశారు. చుట్టుపక్కల పొలాల్లో గ్లైడర్లు దిగకుండా ఇంగ్లిష్ వాళ్లు గుంజలు పాతారు, పాత కార్లు అడ్డం పెట్టారు. ఇలాంటి చోట సరుకు దింపడం ఎలా? పోరాడుతున్న డివిజన్‌కు రోజుకు 100 టన్నులనుకున్నా, ఒక్కో బండి మోసేది రెండు టన్నుల లోపే, అంటే 50కి పైగా ట్రిప్పులు. అదీ రోజూ, ఒక్కటీ కూలకుండా. తర్వాత రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్‌లో చుట్టుముట్టబడ్డ జర్మన్ సైన్యానికి విమానాల్లో రోజుకు కనీసం 300 టన్నులు కావాల్సివస్తే సగటున అందింది 100 టన్నుల చుట్టే.

పోటీ బండి, అమెరికన్ రవాణా విమానం డకోటా, రెండే ఇంజన్లతో 28 మందిని మోస్తుంది. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన సైన్యాన్ని దించింది అదే. అయితే ఆ రోజు ఎయిర్‌ఫీల్డ్ మన చేతిలోనే ఉంది, ఆకాశంలో శత్రువు లేడు. మంచి బండి ఉన్నంత మాత్రాన గట్టెక్కరనడానికి సిసిలీయే సాక్ష్యం. 1943 జూలై 11 రాత్రి సైనికులతో వచ్చిన 144 అమెరికన్ విమానాల్లో 23 కూలాయి, కూల్చింది సొంత పక్షపు తుపాకులే.

మా రేటింగు: పొట్టి మైదానాలకు 5కి 4, పారాచూట్‌కు 1, ఛానల్ దాటించే పనికి ఒకటిన్నర. ఇప్పుడు చూడాలంటే ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో, యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో తయారైన తోబుట్టువు ఒకటి ఉంది. పక్క తలుపు ఎదురుగా కాసేపు నిలబడండి. చేతులు చాచి, తల ముందు పెట్టి, ఈత బావిలోకి దూకినట్టు దూకాల్సింది అక్కడి నుంచే.