తొక్కల నుంచి ప్రోటీన్: బేకరీ ఈస్టా, టోరులానా?

పండ్ల తొక్కల్ని ఈస్ట్‌తో పులియబెట్టి, అలా పెరిగిన ఈస్ట్ నుంచే ప్రోటీన్ తీయాలంటే నా ఓటు టోరులా అనే ఈస్ట్ రకానికే. బేకరీ ఈస్ట్ సులువుగా దొరుకుతుంది, నిజమే, కానీ చక్కెర కాస్త ఎక్కువైతే చాలు, గాలి ఎంత పంపినా అది ఒళ్లు పెంచుకోవడం తగ్గించి ఆల్కహాల్ చేస్తూ కూర్చుంటుంది (మనకు కావాల్సింది సారా కాదుగా!), అందుకే తొక్కల రసాన్ని కొద్దికొద్దిగా వదలాలి. టోరులాకి ఆ గోల లేదు, గాలి బాగా అందితే చాలు. పైగా తొక్కల పీచును విడగొడితే వచ్చే జైలోజ్ అనే చక్కెరని కూడా తినేస్తుంది, బేకరీ ఈస్ట్‌కి మామూలుగా అది అరగదు. నత్రజని మాత్రం రెండిటికీ బయటి నుంచి ఇవ్వాల్సిందే, యూరియానో అమ్మోనియం సల్ఫేటో. నారింజ తొక్కలైతే ముందు లిమోనీన్ నూనె తీసేయాలి, లేదంటే రెండూ చతికిలపడతాయి. ఎండబెట్టాక ప్రోటీన్ రెండిట్లోనూ దాదాపు సగం బరువు, అక్కడ పెద్ద తేడా లేదు.