ఆర్నూరు గోల్డుకు ముప్పావు ముక్క

డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు పోషిస్తూ డైస్‌తో ఆడే బల్ల ఆట) ఐదో ఎడిషన్‌కు 2017లో వచ్చిన జనాథర్స్ గైడ్‌లోని రీసెర్చ్ రూల్ కడపలో మా బల్ల మీద రెండేళ్లుగా నడుస్తోంది. రూల్ ఇది: పాత్ర ఒక విషయం మీద వారం పని, కనీసం 50 గోల్డు పెట్టి ఇరవై ముఖాల డైస్ వేసి ఇంటెలిజెన్స్ బోనస్ కలుపుకుంటుంది; మొత్తం 5 దాకా ఏమీ రాదు, 6 నుంచి ఒక సమాచారం ముక్క, 11 నుంచి రెండు, 21 నుంచి మూడు; పైన పోసే ప్రతి 100 గోల్డుకు +1, గరిష్ఠంగా +6. గోల్డు పోసి బోనస్ కొనుక్కోమనే ఆ ఒక్క వాక్యం మాత్రం శుద్ధ దండగ.

లెక్క చూడండి. ఇంటెలిజెన్స్ +3 ఉన్న విజార్డ్ (మంత్రగాడు), అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) ఇచ్చేంత లైబ్రరీ లేదు, వారం పని, 50 గోల్డు ఖర్చు. ఉత్త చేతులతో తిరిగొచ్చే అవకాశం 10 శాతం, ఒక ముక్క దొరికేది 25, రెండు 50, మూడు 15. సగటున వారానికి 1.7 ముక్కలు. పైన ఇంకో 600 పోసి +6 మొత్తం తెచ్చుకుంటే సగటు 2.4. ఆర్నూరుకు దక్కింది 0.7, ముప్పావు కూడా కాదు. అదే విజార్డ్ ఇంకో వారం కూర్చుంటే 50కే మరో 1.7 వస్తుంది. మంచి లైబ్రరీ దొరికి అడ్వాంటేజ్ వచ్చిందా, పైన పైసా పోయకుండానే 2.1. ఆ లైబ్రరీలో కూర్చుని మరీ 600 పోస్తే 2.7 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే వారానికి మూడు ముక్కలకు మించి రూల్ ఇవ్వదు. (ఇది ఉత్త ఇంటెలిజెన్స్ చెక్. హిస్టరీ ప్రొఫిషియెన్సీ (చరిత్ర తెలిసిన పాత్రకు అదనపు బోనస్) కలిపే డీఎం (ఆట నడిపేవాడు) అయితే పై అంకెలు మారతాయి, గోల్డు మీద కోపం మారదు.)

అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, మా ఆటలో గండికోటను పోలిన ఓ కోట. ధాన్యాగారం కింద సొరంగం ఉందని పార్టీకి (ఆటగాళ్ల పాత్రల జట్టుకు) అనుమానం. మొత్తం 650 గోల్డు పోశారు, అంటే 13 హీలింగ్ పోషన్ల (గాయాలు మాన్పే మందుల) డబ్బు. డైస్ మీద 2 పడింది. ఇంటెలిజెన్స్ +3, గోల్డు +6, మొత్తం తొమ్మిది కలిపితే 11, రెండు ముక్కలు. డీఎం అప్పటికప్పుడు నోటికొచ్చినవి చెప్పాడు: కోట కింద లోయ ఉంది, ధాన్యాగారం కోటంత పాతది. రెండూ నిజాలే. ముక్క అంటే ఒక నిజమైన వాక్యం అని రూల్ అంటుంది, పనికొచ్చే వాక్యమే కావాలని కట్టడి చేయదు. సొరంగం సంగతి ఆ రోల్ వెనకే దాచిపెట్టడంతో ఆట అక్కడికక్కడే నిలబడిపోయింది.

తర్వాత చేసుకున్న సర్దుబాటు ఇది. సెషన్‌కు ముందే ఒక్కో విషయం మీద ఆరు వాక్యాలు వరసగా రాసి పెట్టాలి. కథ కదలడానికి తప్పనిసరైనది రోల్ లేకుండానే ఇచ్చేయాలి, మిగతా ఐదే రోల్‌కు. ప్రతి వాక్యంలోనూ వెళ్లి కలవగల మనిషో, చూడగల చోటో ఉండాలి. ఇందుకు నమూనా మన ఊళ్లోనే ఉంది: సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చేసిన మెకంజీ కైఫియత్తులు (మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల స్థానిక చరిత్రలు). చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరికి పోయింది, ఇలాంటివే ఒక్కో వాక్యం. 'ధాన్యాగారం మాన్యం తిన్న ఇంటివాళ్లు ఇప్పుడు ఏటి అవతల గొర్రెలు కాస్తున్నారు' అని రాస్తే పార్టీ మరుక్షణం ఏరు దాటుతుంది. ఇక గోల్డుకు బోనస్ తీసేశాం. 100 ఇస్తే వరసలో ఏ ముక్క కావాలో ఆటగాడే ఎంచుకుంటాడు, అంతే.

రీసెర్చ్‌లో ఎదురయ్యే చిక్కుల కాంప్లికేషన్ టేబుల్‌ను మొదట్లో తెగ మెచ్చుకున్నాం. పండితుడికి కోపం రావడం, శాపం తగిలిన పుస్తకం తెరవడం బాగానే ఉంటాయి. కాకపోతే లైబ్రరీలోకి రానివ్వకపోవడం అనేది ఊళ్లో ఒక్కటే లైబ్రరీ ఉన్నప్పుడు పడితే అడ్వాంటేజ్ పోయినట్టే, పరిహారం కట్టేదాకా. ఆ వరస వచ్చినప్పుడు ఇప్పుడు మళ్లీ రోల్ చేస్తున్నాం. చిక్కు వచ్చే అవకాశం వారానికి 10 శాతం అంటే చిన్నదే అనిపిస్తుంది గానీ, పైన చెప్పిన రెండు వారాల చిట్కాకు అది 19 శాతం అవుతుంది. మరో వారం ఊరికే రాదు.

మాది నలుగురి బల్ల, ఆటలో క్యాలెండర్‌ను పెద్దగా పట్టించుకోం, అందుకే వారాలు మాకు చవక. అమావాస్యలోపు తాళం తెరవాలి అని తొందరపెట్టే డీఎం దగ్గర ఆడితే ఆ 600 గోల్డే దిక్కు కావచ్చు.